ఎడమవైపు బల్లలు

మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు. గుమ్మంలోంచి లోపలికి వస్తుంటే ఎడమచేతి బల్లలు ఆడవాళ్ళవి, కుడిచేతివి మావి. మదనపల్లెలో ఈ గుడి కట్టిన నాటినుంచీ ఇదే పద్ధతి. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ మార్చలేదు. కొత్తగా పెళ్ళయిన జంట కూడా గుమ్మం దగ్గర విడిపోయి, ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర కలుసుకుంటుంది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా తలలో ఏం పోయిందో నాకు తెలిసింది ఈ బల్లల వల్లే.

నా పేరు పేతురు. ఇరవయ్యారేళ్ళుగా బండి తోలుతున్నాను. మొదట టమాటా లారీ, పద్నాలుగేళ్ళనుంచి స్కూలు బస్సు. నలభైమంది పిల్లలు. ఏ వీధిలో ఎవరు ఎక్కుతారో, ఎవరి అమ్మ జడ వెయ్యడంలో ఆలస్యం చేస్తుందో అన్నీ నాకు తెలుసు. నా సీటు వెనకే కూర్చునే జెస్సికా అనే రెండో తరగతి పిల్ల దిగేటప్పుడు చెయ్యి ఊపుతుంది. నేను తిరిగి ఊపేదాకా దించదు. వెనక హారన్లు మోగినా సరే. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటారు, అబద్ధం కాదు. అయినా ఇన్నేళ్ళలో నా బస్సు వల్ల ఒక్క బిడ్డకు గోరంత గీత పడలేదు. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం.

జూన్ నెలలో ఒక శనివారం పెళ్ళివాళ్ళను దించడానికి బస్సు కుప్పం తీసుకెళ్ళాను. కల్యాణమండపం ముందు ఆపి దిగబోతే ఎడమకాలు నాది కానట్టు జారిపోయింది. మూతి ఒక పక్కకు పోయిందని ఎవరో అరిచారు. పెళ్ళివాళ్ళలో ఒక నర్సమ్మ ఉండబట్టి గంటలోపే ఆసుపత్రిలో పడ్డాను. తలలో కుడిపక్క రక్తం గడ్డకట్టిందని సూది మందు ఇచ్చారు. మూడోరోజుకు ఎడమచెయ్యి కదిలింది. పదోరోజుకు నా కాళ్ళమీద నేను నడిచి మదనపల్లెలో ఇంటికొచ్చాను. నా భార్య కృపావతి ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రిలో ఆయా. పక్షవాతం వచ్చినవాళ్ళకు బట్టలు మార్చి మార్చి ఆమెకు అన్నీ తెలుసు. నన్ను గుమ్మంలో చూసి, "ఇట్లా లేసి నడిసేది పదిమందిలో ఒగురో ఇద్దురో" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

లేచి నడిచినవాడు సంఘంలో సాక్ష్యం చెప్పాలి. అది మాలో ఆనవాయితీ. పాస్టరుగారు పేరు పిలుస్తారు, మనం ముందుకెళ్ళి మైకు పట్టుకుని దేవుడు చేసిన మేలు అందరికీ వినిపించాలి. ఒకసారి చెప్పాక అది మన మాట కాదు, దేవుడి ముందు పెట్టిన మాట. కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేమంటారు. సాక్ష్యంలో జారిన నోటిని అసలే తీసుకోలేం.

ఆ ఆదివారం నన్ను పిలిచారు. బల్లమీదనుంచి లేచి, ముందుకెళ్ళి, మైకు అందుకుని జనంవైపు తిరిగాను. చూస్తే అందరూ ఆడవాళ్ళే. ముసుగులు కప్పుకుని బల్లలనిండా కూర్చుని ఉన్నారు, వాళ్ళలో నాలుగో వరుసలో కృపావతి. మగవాడు ఒక్కడూ లేడు. నా గుండెలో భగ్గుమంది. కోపిష్టి డ్రైవరు మైకు పట్టుకునేసరికి అంతా లేచి బయటికి పోయారన్నమాట. చావు తప్పి వచ్చినవాడి మాట వినడానికి కూడా వీళ్ళకు తీరిక లేదా అనుకున్నాను. బయట ఉన్నవాళ్ళకు కూడా వినపడాలని గొంతు పెంచాను.

"నా ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేసినాడు. నాలో లోపమనేది ఒగటి గూడా లేదు. కావాలంటే రేపే బస్సు తోలతా."

ఆమెన్ అని మగగొంతులు గట్టిగా వినిపించాయి. వరండాలోంచి అంటున్నారనుకున్నాను.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ కృపావతిని అడిగాను. "మగోళ్ళంతా యాల లేసిపొయినారు మే? నేనేం తప్పు జేసినా?"

ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఎవురప్పా లేసిపొయ్యింది? నువ్వు మాట్లాడతాంటే కన్నార్పకుండా కూసోనుండారు. మీ స్కూలు బ్లెస్సనయితే ముందు బల్లమిందనే ఉండాడు కదా."

"ఒగడు గూడా లేడు. నేను సూస్తినే."

ఆమె చెంబు కింద పెట్టింది. పళ్ళెం పెట్టింది. సంగటి, పప్పు. నేను తిన్నాను. కడుపు నిండలేదు, పైగా నంజుకోవడానికి ఊరిబిండి లేదు. సంగటి చేసిన రోజు చెనిగ్గింజల ఊరిబిండి నూరకుండా మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

"ఊరిబిండి నూరలేదా? సంగటి గూడా ఇంతేనా? పథ్యమని కడుపు మాడుస్తాండావా నన్ను?"

కృపావతి నా ముఖంలోకి చూసింది. పళ్ళేన్ని ఉన్నచోటే నెమ్మదిగా తిప్పింది, విసుర్రాయి తిప్పినట్టు. సగం సంగటి ముద్ద, దాని పక్కన అరచేతి వెడల్పున ఊరిబిండి ఎక్కడినుంచో వచ్చి పళ్ళెంలో కూర్చున్నాయి. అప్పటిదాకా అవి లేవు. నేను పళ్ళెం వదిలేసి వెనక్కి జరిగాను. కుప్పంలో కాలు జారినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు.

కన్ను పోతే చీకటి ఉంటుంది. నాకు చీకటేమీ లేదు. పళ్ళెం గుండ్రంగానే కనిపించింది, గది నిండుగానే కనిపించింది. ఎడమపక్క అనేది ఒకటి లోకంలో ఉందన్న సంగతే నా తల మరిచిపోయింది. మరిచిపోయినట్టు కూడా దానికి తెలియదు. గుడిలో మగవాళ్ళు లేచిపోలేదు. వాళ్ళు నా ఎడమపక్కకు పడ్డారు, అంతే. అంతవరకు ఆలోచించేసరికి బస్సు గుర్తొచ్చింది. మన రోడ్డుమీద పిల్లలు ఎక్కేదీ దిగేదీ బస్సుకు ఎడమపక్కనే.

మర్నాడు బస్సు తోలడానికి వెళ్ళలేదు. జ్వరమని బ్లెస్సన్‌కు కృపావతే ఫోన్ చేసి అబద్ధం చెప్పింది. బ్లెస్సన్ మా సంఘపెద్దల్లో అందరికంటే చిన్నవాడు, స్కూల్లో బస్సుల అజమాయిషీ అతనిదే. చిన్నప్పుడు నా బస్సులోనే స్కూలుకు వెళ్ళాడు. కృపావతి నన్ను తాను పనిచేసే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పేరు శ్వేత, రోజూ పుంగనూరునుంచి బస్సులో వచ్చిపోతుంది. నా చేతికి కాగితం ఇచ్చి గడియారం బొమ్మ వెయ్యమంది. గుండ్రం గీసి అంకెలు వేశాను. పన్నెండూ కుడిపక్కే ఇరుక్కుని ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయట. నాకు మాత్రం మంచి గడియారమే వేసినట్టుంది.

"కండ్లు బాగుండాయి అన్నా" అంది శ్వేత. "కన్ను సూస్తాంది, తల తీసుకోల్యా. ఆ తావ దెబ్బ తగిలింది. సచ్చిపోయిన తావు మళ్ళీ బతకదు. దాని సుట్టుపక్కల ఉండేవి ఆ పని నేర్సుకోవాల. నేర్సుకుంటాయి, కాకపోతే పని పెడితేనే."

నేను డ్రైవరు భాషలో అర్థం చేసుకున్నాను. పుంగనూరు రోడ్డు తవ్వేస్తే బస్సులు ఊళ్ళమీదుగా తిరిగి పోతాయి. మొదట్లో గుంతలు, మలుపులు, ఆలస్యం. ఆర్నెల్లు అటే పోతే ఆ బాట కూడా వెడల్పవుతుంది. ఎవరూ అటు పోకపోతే మాత్రం ముళ్ళు మొలుస్తాయి.

కృపావతి చేసిన తప్పు అక్కడే బయటపడింది. ప్రేమతో చేసిన తప్పు. నీళ్ళ చెంబు, మందులు, ఫోను, కుర్చీ, చివరికి తాను కూర్చునే చోటు కూడా అన్నీ నా కుడిపక్కే పెట్టింది, నేను వెతుక్కోకూడదని. మంచం ఎడమవైపు గోడకు ఆనించింది, పడిపోకూడదని. శ్వేత అది విని, "అన్నీ మార్సేయండి అక్కా. ఆయన్ని ఎడం పక్క వెతకనీండి. రవ్వంత ఏడిపించండి" అంది. ఇరవై ఏళ్ళు రోగులకు అన్నీ చేతికి అందించడమే పనిగా బతికిన మనిషికి అది ఎంత కష్టమో చెప్పలేను. నీళ్ళకోసం నేను తడుముకుంటుంటే పక్కనే కూర్చుని పెదవి కొరుక్కునేది.

పళ్ళెం అంచుకు ఎడమవైపు ఎర్ర రిబ్బను ముక్క అంటించారు. పేపరు ఎడమ అంచుకు ఒకటి, వాకిలికి ఒకటి. ఎర్రది దొరికేదాకా తల తిప్పాలి. దొరకలేదంటే సగంలో ఆగిపోయినట్టు. "సూసేసినా అనుకున్యాక ఇంగొగసారి తిప్పండి" అని శ్వేత రోజూ చెప్పేది. మొదటి వారం మెడ నొప్పి పుట్టింది. మూడోవారానికి ఊరిబిండి దానంతటదే కనిపించింది. ఆరోవారం ఆదివారం బల్లమీద కూర్చుని తల తిప్పితే ఆడవాళ్ళ బల్లలు వచ్చాయి, చివరి కిటికీదాకా. అంతమంది చీరల రంగులు ఒక్కసారిగా చూసి నాకు ఏడుపొచ్చింది. పక్కవాడు పరిశుద్ధాత్మ దిగిందనుకున్నాడు.

అయినా భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది. చూసింది చూశానని తెలుస్తుంది. చూడనిది ఎంతుందో ఎలా తెలుస్తుంది? వీధిలో నడుస్తూ ఒక్కో అడుగుకీ ఆగి ఎడమకు తిరిగేవాణ్ణి. ఎవరైనా ఆ పక్కనుంచి పలకరిస్తే గోడలోంచి మనిషి ఊడిపడ్డట్టు ఉలిక్కిపడేవాణ్ణి. ఇంట్లో గిన్నె చప్పుడైతే కోపమొచ్చేది. ఆ కోపం కింద ఉన్నది భయమేనని కృపావతికి తెలుసు.

దసరా సెలవులు దగ్గరపడ్డాయి. బ్లెస్సన్ ఇంటికొచ్చి టీ తాగాడు, వాన గురించి మాట్లాడాడు, మా కుక్క గురించి అడిగాడు. చల్లకొచ్చి ముంత దాస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"అంకుల్, మూడు నెల్లయిపాయ. తాత్కాలికానికి పెట్టినోడు బస్సును గొడ్డును బాదినట్టు తోలతాండాడు. సెలవులైనాక మీరే రావాల. మేనేజిమెంటు అడిగింది. మీ సాక్ష్యం అందరూ విన్యారు కదా అని సెప్పినా."

"డాక్టరు కాగితం?"

"బీపీ, సుగరు, సూపు. అంతే కదా. మీ సూపు బాగుందంట కదా. గుడిలో అంత గెట్టిగా సెప్పి, ఇప్పుడు రానంటే జనం ఏమనుకుంటారు అంకుల్? దేవుడు సగమే బాగుజేసినాడనుకోరా?"

ఆ మాట నాకు ముల్లులా దిగింది. శ్వేతను అడిగితే, ప్రశాంతంగా ఉన్నచోట ఎడమపక్క బాగానే దొరుకుతోందని, రెండువైపులా సందడి ఉన్నచోట ఇంకా జారిపోతుందని, ఏడాది ఆగి చూద్దామని చెప్పింది. నాకు కోపమొచ్చింది. పాతికేళ్ళు నిండని పిల్ల నాకు రోడ్డు సంగతి చెబుతుందా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏడాది ఇంట్లో కూర్చుంటే నేను మనిషినే కాకుండా పోతానని భయం. బస్సు లేకపోతే పేతురు ఎవరు?

సెలవుల్లో ఒక ఉదయం బ్లెస్సన్ ఖాళీ బస్సు తాళం ఇచ్చాడు, పుంగనూరుదాకా పోయి రమ్మని. కృపావతి ఎంత వద్దన్నా వినలేదు. "అట్లయితే నేనూ వస్తా" అని ఎక్కి, ముందు తలుపు దగ్గర ఎడమపక్క సీట్లో కూర్చుంది. ఎడమ అద్దానికి ఎర్ర రిబ్బను కట్టాను. కదలకముందు స్టీరింగుమీద నుదురు ఆనించి ప్రార్థన చెయ్యడం నా అలవాటు. ఆరోజు ప్రార్థన సగంలోనే ఆపి తాళం తిప్పాను.

ఊరు దాటాక బండి నా చేతిలోకి వచ్చింది. ఎడమపక్క కనిపించినవన్నీ పైకి చదువుతూ తోలాను. "ఎడం పక్క పెట్రోలు బంకు. ఎడం పక్క ఆవులు రెండు. ఎడం పక్క స్కూటీ, ఆడమనిషి." ఒక్కోదానికీ కృపావతి ఊ అంటూ వచ్చింది. మెల్లగా ఆమె గొంతులో బిగువు సడలింది. నాకు పాత ధైర్యం వచ్చేసింది. పుంగనూరు వచ్చేటప్పటికి పాట కూడా అందుకున్నాను.

పుంగనూరులో కూడలి దగ్గర కుడిపక్కనుంచి ట్రాక్టరు అడ్డమొచ్చింది. దాని వెనక లారీవాడు హారను వదలకుండా కొట్టాడు. ఎవడో మోటారుసైకిలువాడు సందులో దూరాడు. నేను కుడికి చూస్తూ చక్రం తిప్పుకుంటున్నాను. చదవడం ఎప్పుడు ఆపేశానో నాకు తెలియదు.

"ఆపప్పా" అని కృపావతి గొంతు చీల్చుకుని అరిచింది.

కాలు ఆమె మాట విని బ్రేకు తొక్కింది, నేను కాదు. ఎందుకు ఆపానో కూడా నాకు తెలియలేదు. బస్సు ఆగాక తల ఎడమకు తిప్పాను, ఇంకొంచెం తిప్పాను, రిబ్బను దొరికింది. రిబ్బను కింద ఒక ముసలామె ఉంది. నెత్తిమీద టమాటా గంప. బస్సు ముక్కుకూ ఆమెకూ మధ్య జానెడు కూడా లేదు. ఒక చెయ్యి బస్సుకు అడ్డంగా ఆనించి నిలబడి ఉంది, చేత్తో ఆపొచ్చన్నట్టు.

"కండ్లు యాడ పెట్టుకోనుండావు నాయనా?" అని మొదలుపెట్టింది. "ఇంతసేపూ నీ యెదురుగానే కదా నిలబడుకోనుండాను. సెయ్యి గూడా సూపిస్తి. నా మొగం సూస్తానే వస్తాండావు, సూస్తానే తొక్కుతావా?"

అంగళ్ళవాళ్ళు "రెడ్డెమ్మవ్వా, దెబ్బ తగిలిందా" అంటూ పరుగెత్తుకొచ్చారు. నేను దిగాను.

"నువ్వు నాకు అగపడలేదవ్వా."

"ఇంత మనిసి అగపడలేదా? గంప అగపడలేదా?" అని ఇంకా ఏదో అనబోయి నా ముఖం చూసి ఆగింది. తిట్లన్నీ అక్కడే ఆగిపోయాయి. కృపావతివైపు తిరిగి చిన్న గొంతుతో, "ఏమ్మా, ఈయప్పకు బాగలేదా?" అని అడిగింది.

ఆమె తిడుతూ ఉంటే బాగుండేది. నేను రోడ్డుపక్కన మట్టిలో కూలబడ్డాను. అది జెస్సికా అయ్యుంటే? డ్రైవరు సీట్లోంచి చూస్తే జెస్సికా జానెడంత కూడా కనిపించదు. అదే మాట తలలో గిర్రున తిరిగింది. తాళం తీసి కృపావతి చేతిలో పెట్టాను. స్కూలునుంచి వేరే డ్రైవరు వచ్చి బస్సు తీసుకెళ్ళేదాకా రెండు గంటలు అక్కడే కూర్చున్నాం. ఆ రెండు గంటలూ కృపావతి నా ఎడమపక్కే కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు తెలుస్తోంది, అది చాలనిపించింది.

సాయంత్రం బ్లెస్సన్ ఫోన్ చేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు కదా, కొన్నాళ్ళు నీరసంగా ఉందని చెబుదాం అన్నాడు. "సాక్ష్యం సంగతి మాత్రం కదిలించొద్దు అంకుల్." కృపావతి మాత్రం పక్కనుంచి, "మూడు నెల్లకింద మైకులో సెప్పింది మైకులోనే తీసేయాల. లేదంటే నీకు రేపు మళ్ళీ బస్సుమింద మనసు పుడతాది. నీ సంగతి నాకు తెల్సు" అంది.

ఆదివారం పాటలయ్యాక నేనే లేచి మైకు అడిగాను. పాస్టరుగారు ఆశ్చర్యపోయి ఇచ్చారు. జనంవైపు తిరిగి నిలబడ్డాను.

"ఆ పొద్దు ఈడనే నిలబడి, నాలో లోపం లేదని సెప్పినా. మగోళ్ళంతా లేసిపొయినారని కోపంలో అరిసినా. మీరు లేసిపోలా. మీరు నాకు అగపడలా. మొన్న పుంగనూర్లో ఒగ అవ్వ గూడా అగపడలా. కృప అరవకపోతే ఆ యవ్వ ఈపొద్దు లేదు. దేవుడు మేలు జేసినాడు, అది నిజం. సెయ్యి వచ్చింది, కాలు వచ్చింది, ఎడం పక్క గూడా రవ్వంత రవ్వంత వస్తాంది. పూర్తిగా అనింది మాత్రం నేను. దేవుడు అన్లేదు."

ఎవరూ ఆమెన్ అనలేదు.

నేను శ్వేత చెప్పినట్టు తల తిప్పడం మొదలుపెట్టాను. ముందు ఆడవాళ్ళు. నాలుగో వరుసలో కృపావతి, ముసుగు కళ్ళదాకా లాక్కుని. తర్వాత నడవ. తర్వాత మగవాళ్ళ బల్లలు, మొదటి బల్లమీద బ్లెస్సన్ నేల చూస్తున్నాడు. వెనక వరుసలు కూడా లెక్కగా కనిపించాయి. అందరూ ఉన్నారు. అమ్మయ్య, అయిపోయిందనుకుని మైకు కిందికి దించాను.

చూసేశాను అనుకున్నాక ఇంకొకసారి తిప్పమంది కదా. తిప్పాను. బల్లలు అయిపోయాక గోడ రావాలి. గోడ రాలేదు. గోడ పక్కన చాప ఉంది. చాపమీద సండే స్కూలు పిల్లలు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నారు, పదిహేనుమంది దాకా. సగంమంది నా బస్సు పిల్లలే. ఇందాక పాట పాడింది వాళ్ళే. అప్పటినుంచీ అక్కడే ఉన్నారు. చివర్న జెస్సికా నాకోసం చెయ్యి ఎత్తి ఊపుతోంది. ఎంతసేపటినుంచి ఊపుతోందో, చెయ్యి నొప్పి పుట్టి రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని ఉంది.

నేను మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాను. "నేను బస్సు తోలను" అన్నాను. చెయ్యెత్తి ఆ పిల్లకు ఊపాను. ఆమె చెయ్యి దించేదాకా అటువైపే చూస్తూ నిలబడ్డాను.